మానవ అవశేషాలను పసిగట్టే జాగిలాలు: ఎంపిక, శిక్షణలో మీ అనుభవాలు చెప్పండి

వెన్నెలదారి:
స్వచ్ఛంద గాలింపు బృందంలో చేరి ఏడాదిన్నర అయింది. తప్పిపోయినవారిని వెతకడంలో ప్రాథమిక శిక్షణ పొందిన పదకొండు నెలల ఆడ లాబ్రడార్ నా దగ్గర ఉంది. దానిని మానవ అవశేషాలను గుర్తించే పనికి మళ్లించమని కొందరు సూచిస్తున్నారు. వాసన పట్టడంలో దానికి తిరుగులేదు కనుక ఎంపికలో ఇబ్బంది ఉండదని నా నమ్మకం. ఈ పని చేసినవారు కుక్కలో ఏమి చూశారో, శిక్షణలో ఎక్కడ తడబడ్డారో చెప్పగలరా?

పాతకాపు:
నమస్కారమండీ. ఆ నమ్మకం దగ్గరే చాలామంది పొరబడతారు. ఈ పనికి చాలినంత ముక్కు దాదాపు ఏ కుక్కకైనా ఉంటుంది, అరుదైనది పట్టుదల. నేను పెట్టే మొదటి పరీక్షలో అవశేషాల వాసన ఊసే ఉండదు. కుక్కకు ప్రాణమైన బంతిని దాని కళ్లముందే ఎత్తైన గడ్డిలోకి విసిరి, మెడపట్టీ పట్టుకుని ఉన్నచోటే రెండు చుట్లు తిప్పి, ఒక నిమిషం ఆగి వదులుతాను. బంతి కనబడకపోయినా తల ఎత్తకుండా గాలిస్తూనే ఉండే కుక్క పనికొస్తుంది. కాసేపు తిరిగి, వెనక్కి వచ్చి మన ముఖంలోకి చూసే కుక్క ఎంత తెలివైనదైనా దాని విషయం మళ్లీ ఆలోచించవలసినదే. ఆ తరువాత ఇనుప మెట్లు, శిథిలాలు, చీకటి గదుల మీదుగా బెదరకుండా నడుస్తుందో లేదో చూస్తాను. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్ జాతులు ఈ పనిలో ఎక్కువగా కనబడతాయి గాని, జాతి కన్నా ఆ ఒక్క కుక్క నైజమే ముఖ్యం. దూకుడు మరీ ఎక్కువైనది దొరికినచోట గోకి సాక్ష్యాన్ని చెదరగొడుతుంది. అందుకే కూర్చోవడాన్నో పడుకోవడాన్నో సంకేతంగా నేర్పుతాము.

గాజుసీసా:
నమూనాల విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. చట్టం అనుమతించిన మేరకు, దాతల సమ్మతితో వచ్చిన పళ్లు, రక్తం అంటిన గుడ్డలు, దేహం కింది నుంచి తీసిన మట్టి మా దగ్గర ఉండేవి. వాటిని గాజు సీసాలలో వేరువేరుగానే భద్రపరిచాను. కాని ప్రతిసారీ ఒకే డబ్బాలోని చేతి తొడుగులు వేసుకుని దాచేదానిని. మూడు నెలల తరువాత పందెం వేసినట్టుగా మా కుక్క నా సంచి పక్కన కూర్చుంది. అందులో ఉన్నవి వాడని తొడుగులే! అప్పటి నుంచి ఖాళీ సీసాలు, కొత్త తొడుగులు, జంతువుల ఎముకలు కూడా మైదానంలో దాస్తున్నాను. వాటి దగ్గర సంకేతం ఇస్తే బహుమతిగా బంతి ఉండదు.

కొత్తసభ్యుడు:
సీసాలలో అమ్మే కృత్రిమ వాసనలు సరిపోవా?

గాజుసీసా:
వాటినే నమ్ముకుంటే సరిపోవండీ. కుళ్లు వాసననిచ్చే పుట్రెసిన్, కెడావరిన్ అనే రసాయనాలు జంతువుల కళేబరాలలోనూ పుడతాయి. మానవ దేహం కుళ్లేటప్పుడు వందల రసాయనాలు వెలువడతాయి, వాటి కలయిక కూడా దశను బట్టి మారుతుంది. రక్తం మాత్రమే ఎరిగిన కుక్క ఎండిన ఎముక పక్క నుంచి పట్టనట్టు వెళ్లిపోవచ్చు. ఇక ఆరంభ దశకు వస్తే, హాంబర్గ్‌లో జరిపిన ఒక పరీక్షలో, మరణించి మూడు గంటలైనా దాటని దేహాల కింద రెండు నిమిషాలు, పది నిమిషాలు ఉంచిన తివాచీ ముక్కలను సైతం పోలీసు జాగిలాలు చాలావరకు సరిగ్గా గుర్తించాయి.

ఏటిగట్టు:
వాసన ఉన్నచోటే అవశేషాలు ఉంటాయనుకోకూడదు. వాలులో చల్లని గాలితోపాటు దిగువకు జారి గుంటలలో నిలుస్తుంది, నీటిలో ప్రవాహం వెంట కొట్టుకుపోయి తేలుతుంది. గట్టి నేలలో మేము సన్నని ఇనుప కడ్డీతో అక్కడక్కడ రంధ్రాలు చేసి, లోపలి వాసన బయటికి రావడానికి కొంత వ్యవధి ఇచ్చి, గాలికి ఎదురుగా కుక్కను నడిపిస్తాము.

పాతకాపు:
ఒక్క మాట మిగిలింది. ఏమీ దాచని మైదానంలో కూడా గాలించండి, దాచిన చోటు మీకే తెలియని పరీక్షలు పెట్టించుకోండి. 2011లో ప్రచురితమైన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధనలో మత్తుపదార్థాలు, పేలుడు పదార్థాలు వెతికే 18 జట్లను ఏ వాసనా దాచని గదులలోకి పంపారు. వాసన ఉందని నడిపేవారికి ముందే చెప్పడంతో, 200కు పైగా తప్పుడు సంకేతాలు నమోదయ్యాయి. మన పని వేరైనా మన బలహీనత అదే.

వెన్నెలదారి:
నిన్న సాయంత్రం బంతి పరీక్ష పెట్టాను. నాలుగు నిమిషాలు గాలించి, నా ముఖంలోకి చూసింది. ఆ వెంటనే నేరుగా బంతి దగ్గరికి వెళ్లి పట్టుకుంది. దీనిని ఎలా లెక్కించాలి?

పాతకాపు:
అది చూసినప్పుడు మీరు ఎటు చూస్తున్నారండీ?

వెన్నెలదారి:
బంతి పడినవైపే.