పాత క్రిస్మస్ టీవీ ప్రకటనలు నిజంగానే గొప్పవా?

గోదారిగట్టు:
2024లో కోకాకోలా తన 1995 నాటి లారీల ప్రకటనను ఏఐతో మళ్ళీ తీసింది. మంచులో లైట్లు వెలిగించుకుంటూ వచ్చే ఆ ఎర్ర లారీలే, కానీ కొత్తదాంట్లో ప్రాణం లేదు. అమెరికా టీవీలో పాత క్రిస్మస్ ప్రకటనలకు పనితనం ఉండేది. 1985 నాటి ఫోల్జర్స్ కాఫీ ప్రకటన చూడండి. దూరాన ఉండే కొడుకు పీటర్ పండగకి తెల్లవారుజామున ఇంటికొస్తాడు. చిట్టి చెల్లెలు ఒక్కతే మేలుకుని ఉంటుంది. కాఫీ పెడతాడు, ఆ వాసనకి అమ్మ లేచి కిందికి వస్తుంది. అంతే కథ. ఇప్పుడెవరు తీస్తున్నారు అలా?

మాటకుమాట:
1995 లారీలకు హంగులు దిద్దింది ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్, హాలీవుడ్ గ్రాఫిక్స్ సంస్థ. అప్పుడూ మాయే, ఇప్పుడూ మాయే. తేడా ఎక్కడుంది?

గోదారిగట్టు:
అప్పుడు ప్రతి లైటు వెనకా ఒక మనిషి కూర్చున్నాడండీ. అదే తేడా.

వేణువు:
అసలు శాంటాకు ఎర్ర కోటు తొడిగిందే కోక్. 1931లో హాడన్ సండ్‌బ్లోమ్‌తో బొమ్మలు వేయించి పండగనే సొంతం చేసుకుంది.

మాటకుమాట:
కాదు. బొద్దుగా, గడ్డంతో ఉండే శాంటాను థామస్ నాస్ట్ 1881లోనే గీశాడు. 1931కి ముందే పత్రికల అట్టల మీద ఎర్ర కోటు శాంటా ఉన్నాడు. సండ్‌బ్లోమ్ ఆ రూపాన్ని ఇంటింటికీ చేర్చాడు.

వేణువు:
ఇంటింటికీ చేరిందంటే చేర్చినవాడిదే కదా.

సీతాఫలం:
హర్షీస్ వాళ్ళ చాక్లెట్లే గంటల్లా మోగే ప్రకటన 1989ది. చివర్లో ఎర్ర చాక్లెట్ గంట ఊగీ ఊగీ నుదురు తుడుచుకుంటుంది, నాకు అదే ఇష్టం. 2020లో కాస్త మారిస్తే జనం గోల చేశారు.

మంచుపూలు:
అందరూ కాఫీ, లారీలేనా? శనివారం పొద్దున కార్టూన్ల మధ్య వచ్చిన ఆటబొమ్మల ప్రకటనలు ఎవరికీ గుర్తులేవా? పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలకున్న హద్దును 1984లో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఎత్తేసింది. 1990లో చట్టం వచ్చాకే గంటకు వారాంతంలో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12 నిమిషాలు అని మళ్ళీ కట్టడి పెట్టారు. నేను ఒహాయోలో పెరిగింది సరిగ్గా ఆ మధ్యలోనే. ఇంటికి నాన్న ఒక్క జీతం. మాకు క్రిస్మస్ లేదు. జనవరిలో బడి తెరవగానే "నీకేం వచ్చింది?" అని అడిగేవాళ్ళు. టీవీలో చూసిన బొమ్మ పేరేదో చెప్పేసేదాన్ని. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచేదాన్ని. మీరు పనితనం అంటున్నది ఆ పనే చేసింది.

గోదారిగట్టు:
మీ బాధ కాదననమ్మా. కానీ బొమ్మల కంపెనీ చేసినదానికి ఫోల్జర్స్‌ని తిడితే ఎలా?

మంచుపూలు:
రెండూ ఇంట్లో ఏదో తక్కువుందని గుర్తుచేసే అమ్ముకున్నాయి. మీరు పెద్దయ్యాక ఉద్యోగంతో వచ్చారు, అందుకే మీకు తియ్యగా ఉంది.

గోదారిగట్టు:
తియ్యగానా? 1990ల్లో న్యూజెర్సీలో సెలవు దొరక్క డిసెంబరంతా గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఇండియాకి ఫోన్ అంటే నిమిషం నిమిషానికీ గుండె దడ. నాన్న పోయినప్పుడు కూడా వెళ్ళలేకపోయాను. ఆ ప్రకటన ఏళ్ళ తరబడి ప్రతి డిసెంబరూ వేశారు. పీటర్ ఇంటికి చేరేవాడు, నేను చేరలేదు. అది కాఫీ పొడి అమ్మడానికని నాకు తెలియదనుకున్నారా? తెలిసే ఏడ్చాను. ఆ ఏడుపు నాది, కంపెనీది కాదు.

మాటకుమాట:
మీ ఏడుపు మీదే, సరే. కానీ దాన్ని తట్టిలేపడానికి డబ్బు పోసినవాడున్నాడు. వాడికి మీరెందుకు మొక్కాలి?

గోదారిగట్టు:
మొక్కట్లేదు. ఆ రోజుల్లో నా సంగతి తెలిసినట్టు మాట్లాడింది ఆ టీవీ ఒక్కటే.

మంచుపూలు:
ఇది మొదటే చెప్పాల్సింది గోదారిగట్టు గారూ. లారీలు, లైట్లు అంటూ ఎందుకు తిప్పారు? అయినా నేను ఒప్పుకోను. మీకు తోడైన టీవీయే మా అమ్మని నా ముందు చేతకానిదాన్ని చేసింది. మీ పిల్లలకి పీటర్ కథ చూపిస్తే, మీరు వెళ్ళలేకపోయిన సంగతి కూడా చెప్పండి.

గోదారిగట్టు:
వాళ్ళకి ప్రకటన చూపిస్తాను. నాన్న సంగతి ఎప్పుడు చెప్పాలో నాకు వదిలెయ్యండి.