సర్వర్‌లో ఎన్జిన్ఎక్స్: పీకేజీయా, పోర్ట్సా, నేరుగా సోర్సా?

అమీర్‌పేట్ అడ్మిన్:
ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఎన్జిన్ఎక్స్ వెబ్ సర్వర్ పెట్టాలి. మాదాపూర్‌లో చిన్న ఆఫీసు వెబ్‌సైటు, 2 జీబీ ర్యామ్ ఉన్న వర్చువల్ మెషీన్. పేజీలను కుదించి పంపే బ్రాట్లీ కంప్రెషన్ తప్పనిసరి. పీకేజీ (రెడీమేడ్ ప్యాకేజీలు దించే టూల్), పోర్ట్స్ (ఆప్షన్లు ఎంచుకుని సోర్స్ నుంచి కట్టే ఫ్రీబీఎస్‌డీ ఏర్పాటు), నేరుగా సోర్స్: ఏ దారి మేలు?

మలక్‌పేట్ రూట్:
సోర్సే అన్నా. మనకు కావాల్సిన మాడ్యూలే ఎక్కుతది. కొత్త వెర్షన్ వచ్చిన రోజే కట్టుకోవచ్చు. ఒక్కటి మర్చిపోవద్దు: కట్టే ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్టును ఊరికే నడిపితే ఎస్ఎస్ఎల్ (హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన) మాడ్యూల్ రాదు, హెచ్‌టీటీపీ 2 కూడా రాదు. రెండిటికీ ఆప్షన్లు విడిగా ఇయ్యాలె. లేకుంటే కాన్ఫిగ్‌ల 443 పక్కన ఎస్ఎస్ఎల్ అని రాసిన లైను దగ్గరే ఎర్రర్ కొట్టి ఆగిపోతది.

సైనిక్‌పురి:
ఎక్కించే రోజు కాదండీ, ప్యాచ్ వచ్చిన రోజు సంగతి చూడండి. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడింది. ఎస్ఎస్ఎల్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా అన్నిటికీ దెబ్బే. ఓపెన్ఎస్ఎస్ఎల్ సోర్స్ ఫోల్డర్ చూపించి ఎన్జిన్ఎక్స్‌ను కడితే ఆ లైబ్రరీ బైనరీలోనే కలిసిపోతుంది. ఆ తర్వాత సిస్టమ్‌లో ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా లోపల ఉండేది పాతదే. లోపాలున్న ప్యాకేజీలను చూపించే పీకేజీ ఆడిట్‌కు ఆ బైనరీ ఉన్నట్టే తెలియదు, కాబట్టి హెచ్చరిక రాదు. తీసేద్దామంటే ఎన్జిన్ఎక్స్ మేక్‌ఫైల్‌లో అన్‌ఇన్‌స్టాల్ లేదు. సర్వీస్ మొదలుపెట్టే ఆర్‌సీ స్క్రిప్టు, లాగ్ రొటేషన్ చేత్తో రాసుకోవాలి.

మలక్‌పేట్ రూట్:
ప్యాకేజీ అయితే భద్రమా మరి? 2024 మార్చిల కంప్రెషన్ టూల్ ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1ల దొంగ కోడ్ సంగతి బయటపడ్డది కదా. దొంగ కోడ్‌ను లేపే స్క్రిప్టు గిట్‌ల లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లనే (సోర్స్ ఫైళ్ల మూటల) పెట్టిన్రు. అది కూడా లినక్స్‌ల డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలు కట్టేటప్పుడే పనిచేసేటట్టు రాసిన్రు.

సైనిక్‌పురి:
ఆ మాట ఒప్పుకుంటాను. అయితే పోర్ట్స్‌లో ప్రతి టార్‌బాల్‌కూ ఎస్‌హెచ్‌ఏ 256 చెక్‌సమ్, సైజు రాసి ఉంటాయి, ఏది తేడా వచ్చినా బిల్డ్ ఆగుతుంది. దారిలో ఫైలు మారితే దొరుకుతుంది. ఎక్స్‌జెడ్‌లా విడుదల చేసినవాళ్ల చేతిలోనే చెడితే మాత్రం దొరకదు. అది మీ సోర్స్ బిల్డుకూ అంతే.

కూకట్‌పల్లి:
అడ్మిన్ గారూ, మీ పనికి పోర్ట్స్ సరిపోతుంది. పోర్ట్స్ ట్రీని గిట్‌తో దించేటప్పుడు మెయిన్ బ్రాంచ్ వద్దు. మీ పీకేజీ క్వార్టర్లీ రిపో నుంచి తెస్తుంటే అదే త్రైమాసికం బ్రాంచ్ తీసుకోండి. ఈ రెండూ కలగాపులగం చేస్తేనే ‘షేర్డ్ ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్’ ఎర్రర్లు మొదలవుతాయి. లైబ్రరీ వెర్షన్ ఒకటి, ప్రోగ్రామ్ వెతికేది ఇంకొకటి.

ఎన్జిన్ఎక్స్ పోర్ట్ ఫోల్డర్‌లో మేక్ కాన్ఫిగ్ కొట్టి బ్రాట్లీకి టిక్ పెట్టండి. తర్వాత మేక్ ఇన్‌స్టాల్-మిస్సింగ్-ప్యాకేజెస్. డిపెండెన్సీలు రెడీమేడ్‌గా దిగుతాయి. 2 జీబీలో రస్ట్, ఎల్‌ఎల్‌వీఎం లాంటివి కంపైల్‌కు కూర్చుంటే మెమరీ చాలక ప్రాసెస్‌ను కెర్నెల్ చంపేస్తుంది. ఎన్జిన్ఎక్స్ ఒక్కటే అయితే సీ కోడు, ఇబ్బంది లేదు. ఆ పైన మేక్ ఇన్‌స్టాల్ క్లీన్.

ఇక్కడితో ఆపితే తర్వాతి పీకేజీ అప్‌గ్రేడ్ మీ బ్రాట్లీ బిల్డును మామూలు ప్యాకేజీతో మార్చేయవచ్చు. పీకేజీ లాక్ ఎన్జిన్ఎక్స్ పెట్టండి. లాక్ వేసినది దానంతటది ఎప్పటికీ మారదు, కాబట్టి పీకేజీ ఆడిట్‌ను రోజూ క్రాన్‌లో నడిపి ఫలితం మెయిల్‌కు వచ్చేలా చూడండి. హెచ్చరిక వస్తే ట్రీ అప్‌డేట్ చేసి, అన్‌లాక్ చేసి, మళ్లీ కట్టి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, మళ్లీ లాక్. సర్వర్లు మూడు నాలుగైతే ఈ తిప్పలు వద్దు, వేరే మెషీన్‌లో పూడ్రియేర్ (పోర్ట్స్ నుంచి ప్యాకేజీలు కట్టే టూల్) పెట్టి సొంత రిపో కట్టుకోండి.