సమస్య: కిటికి మూయగానె గృహము వెలిగె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. పై వాక్యం చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి. కిటికీని మామూలు కిటికీగానే తీసుకోవచ్చు, విండోస్ అనుకున్నా సరే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం లేని పాత మెషీన్లకు విండోస్ 11 ఎక్కనంటోంది. దాంతో చుట్టాల ఇళ్లలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించే పని మనలో చాలామంది నెత్తిన పడింది కదా, అందుకే ఈ సమస్య.

కొత్త సభ్యురాలు: "కి"కి "గృ"తో యతి కుదురుతుందా అండీ?

నిర్వాహకుడు: కుదురుతుందమ్మా. యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో నియమిత చోట వచ్చే అక్షరంతో పొంతన. క, గ ఒకే వర్గం. ఋకారానికి ఇకారంతో మైత్రి ఉంది.

విశ్రాంత మాస్టారు: నాకు కంప్యూటర్ గొడవ వద్దు.

గాలివాన రేగ గదిలోన దివ్వెయే
యారిపోవుచుండ నవ్వ లేచి
చీరకొంగు దోపి చెదరకుండగ వత్తి
కిటికి మూయగానె గృహము వెలిగె

మొదట "కరెంటు పోయిన" అని రాసుకున్నాను. "కరెంటు" జగణం (లఘువు, గురువు, లఘువు), ఆటవెలదిలో వాడే సూర్య, ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. అందుకే దీపం పెట్టాను.

నిర్వాహకుడు: కొంగు దోపడం బాగుంది మాస్టారూ. పద్యంలో మనిషి కనిపించింది.

హార్డ్‌వేర్ మేనల్లుడు:

పాత కంప్యుటరది పడకేసె నన్నంత
మేనమామ యింట మేలు జేయ
వేలెడంత పుల్ల వెంట దిగెను పక్షి
కిటికి మూయగానె గృహము వెలిగె

పుల్ల అంటే పెన్‌డ్రైవ్. పక్షి అంటే లినక్స్ గుర్తు, పెంగ్విన్.

విశ్రాంత మాస్టారు: గణాలు సరే. కానీ పెంగ్విన్ ఎగరదు కదా నాయనా, దిగడం ఎలా? పైగా వివరణ రాస్తే తప్ప పక్షి ఎవరో తెలియలేదు.

హార్డ్‌వేర్ మేనల్లుడు: లినక్స్ ఎక్కించే ఐఎస్ఓ ఫైల్ నెట్‌లోంచి దిగిందిగా మాస్టారూ! మామయ్య మెషీన్‌కి లినక్స్‌లో మింట్ అనే రకం పెట్టాను. కింద మెనూ బటన్, పక్కన గడియారం, అంతా ఆయనకు అలవాటైన చోటే ఉన్నాయి. సెట్టింగుల్లో తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక కూడా చేర్చాను.

ఇంటి అడ్మిన్ అక్క: పద్యంలో మామయ్య ఏమన్నాడో లేదు తమ్ముడూ. ఇల్లు ఎవరిది, వెలుగు ఎవరికి? నా పూరణ చూడు.

డిస్కు చెరుపకుండ టెస్టుగా నడిపించి
వైఫి కలిసె ననుచు వాడి చూసి
ఫొటొలు దాచిపెట్టి పొందుగా మెల్లగా
కిటికి మూయగానె గృహము వెలిగె

మొదటి పాదం లైవ్ మోడ్ గురించి, అంటే లినక్స్‌ను ఎక్కించకుండానే వాడి చూడటం. పెన్‌డ్రైవ్ మీద నుంచే నడుస్తుంది, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోదు. వాడబోయే మనిషినే కూర్చోబెట్టి ఓ పూట చూడమనాలి. అందులో సేవ్ చేసినవి రీస్టార్ట్ చేస్తే మామూలుగా ఉండవని ముందే చెప్పాలి.

నిర్వాహకుడు: మూడో పాదం సాఫీగా ఉంది. అయితే నిజానికి ఫొటోలు దాచడం మొదటి పాదంలో ఉండాల్సిన పని. "డీ డ్రైవ్‌లో పెట్టానులే" అనే ధీమా చాలా ఇళ్లలో వింటాం. సీ, డీ రెండూ సాధారణంగా ఒకే డిస్క్ మీది భాగాలు. లినక్స్ ఎక్కించేటప్పుడు "ఎరేజ్ డిస్క్" నొక్కితే రెండూ పోతాయి. కాపీ వేరే డిస్క్‌లో ఉండాలి. విండోస్‌ను పక్కనే ఉంచే డ్యూయల్ బూట్ అయితే డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఆ తాళం తీసే రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

ప్రెస్సు బాబాయి: మీ ఇళ్లన్నీ వెలుగుతున్నాయి, సంతోషం. మా ప్రెస్సులో తెలుగు టైపింగుకు అను ఫాంట్లు, లెక్కలకు టాలీ. అబ్బాయి ఒకడు వచ్చి అడగకుండానే విండోస్ తీసి లినక్స్‌కి మార్చి వెళ్లాడు.

పాతఫాంటు రాత పనికిరాకుండెను
టాలి తెరచుకోక డబ్బు నిలిచె
షాపువాడి నడుగు, చల్లగా నననేల
కిటికి మూయగానె గృహము వెలిగె

విశ్రాంత మాస్టారు: శభాష్! సమస్యను ఇంకొకరి మాటగా చేసి "అననేల" అని కొట్టిపారేశారు. ఇది పాత అవధానుల ఎత్తుగడే. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నా ఓటు దీనికే.

హార్డ్‌వేర్ మేనల్లుడు: బాబాయ్, అను ఫాంటు యూనికోడ్ (అన్ని మెషీన్లకూ ఉమ్మడిగా ఉన్న అక్షర ప్రమాణం) కాదు కాబట్టి ఆ ఫాంటు లేనిచోట అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి. ఫైళ్లు పాడైనట్టు కాదు. టాలీ విండోస్ కోసం చేసినది. మీ మెషీన్‌కి విండోసే ఉండనివ్వండి.

ప్రెస్సు బాబాయి: టాలీ డేటా బ్యాకప్ ఉంది, మళ్లీ విండోస్ వేయించాను. రిసెప్షన్‌లో పాత డబ్బా ఒకటి ఉంది, దానికి బ్రౌజర్ తప్ప ఏమీ అక్కర్లేదు. ఆదివారం నీ పుల్ల పట్టుకురా. యతి తప్పినా పర్వాలేదు, ప్రింటర్ మాత్రం పనిచేయాలి.