శరదృతువుకు వాకిలి ముందు పూలమొక్కలు: పెత్రమాస నాటికి విరబూయాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: వరండా_నల్లగొండ

నల్లగొండ పట్టణంలో మాది పడమటి ముఖం ఇల్లు. దర్వాజ ముందు పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు ఉన్న వరండా, దానికి ఒక పక్క ఇనుప గ్రిల్లు, ముందు మూడు మెట్లు, మెట్లకు ఇరువైపులా మా మామగారు కట్టించిన అరుగులు ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే వరకు అరుగుల మీద ఎండ నేరుగా పడుతుంది. వరండా లోపలి గోడ దగ్గర మాత్రం వెలుతురే తప్ప ఎండ ఉండదు.

శ్రావణం మొదలైంది. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలుకొని దీపావళి దాటే వరకు ఇంటి ముందు పూలు నిండుగా ఉండాలని నా కోరిక. అమెరికాలో ఉంటున్న మా ఆడబిడ్డ ప్రతి అక్టోబరులో తమ గుమ్మం ముందు చామంతి కుండీలు, గుమ్మడికాయలు పేర్చిన ఫొటోలు పంపుతుంది. అక్కడ చెట్ల ఆకులే ఎరుపు, పసుపు రంగులకు తిరుగుతాయి కాబట్టి ఆ అలంకరణ ఆ నేలకు ఒప్పుతుంది. మన దగ్గర అదే కాలంలో వానలు వెనుదిరుగుతూ ఉంటాయి, చెల్కల్లో తంగేడు, గునుగు పూస్తాయి. అందువల్ల మన కాలానికి, మన పండుగలకు తగిన మొక్కలతోనే వాకిలిని తీర్చిదిద్దాలని ఉంది.

ఏ మొక్కలను ఇప్పుడే వేసుకోవాలో, వేటిని తరువాత కొనుక్కోవచ్చో చెప్పగలరు. మరో సందేహం కూడా ఉంది. వరండాలో ఉన్న డ్రసీనా, స్పైడర్ మొక్కలకు బోరు నీళ్లే పోస్తున్నాము. వాటి ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండిపోతున్నాయి. ఎరువు వేసినా మార్పు లేదు. మా కాలనీలో కోతుల బెడద ఉందన్న విషయాన్ని కూడా దృష్టిలో పెట్టుకొని సలహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: పాలమూరు_చెల్క

సరైన సమయానికి అడిగారు. శ్రావణ శుద్ధ పాడ్యమి నుంచి పెత్రమాస వరకు రెండు చాంద్రమాసాలు, అంటే సుమారు 59 రోజులు ఉంటాయి. అక్కడి నుంచి దసరాకు మరో పది రోజులు, దీపావళికి నెల. విత్తనం వేసే రోజును ఈ లెక్కను బట్టి వెనక్కి చూసుకొని నిర్ణయించుకోవాలి. పొట్టి రకం కారబంతి విత్తిన 50 రోజులకు అటూ ఇటూగా పూత మొదలుపెడుతుంది. పెద్ద పూల ముద్దబంతికి 60 నుంచి 70 రోజులు పడుతుంది. కాబట్టి రెండు రకాలనూ ఈ వారమే నారు పోయండి. కారబంతి బతుకమ్మకు అందుతుంది, ముద్దబంతి దసరా నుంచి దీపావళి వరకు పూస్తుంది.

బంతి విత్తనం వారం లోపే మొలుస్తుంది. మూడు, నాలుగు వారాల నారును పది, పన్నెండు అంగుళాల కుండీకి ఒక్కొక్కటి చొప్పున సాయంత్రం పూట నాటండి. మొక్క కుదురుకున్నాక నడిమి కొసను తుంచితే పక్క కొమ్మలు వచ్చి గుబురుగా పెరుగుతుంది, పూలూ ఎక్కువగా వస్తాయి, కానీ మొదటి పూత వారం, పది రోజులు వెనక్కి పోతుంది. అందుకని ముద్దబంతిలో సగం మొక్కలకే కొస తుంచి, మిగతా సగాన్ని వాటి మానాన వదిలేయమని నా సలహా. అప్పుడు అన్నీ ఒకేసారి పూసి ఒకేసారి వాడిపోవడం ఉండదు. కుండీ మట్టికి రెండు పాళ్లు ఎర్ర చెల్క మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక సరిపోతాయి. నల్లరేగడిని కుండీల్లో వాడకండి; భాద్రపద వానలకు అది నీటిని పట్టి ఉంచి వేళ్లను కుళ్లబెడుతుంది. యూరియా జోలికి అసలే పోవద్దు, ఆకు బలిసి పూత తగ్గుతుంది.

గునుగును నర్సరీలో అమ్మగా నేను చూడలేదు. అది వానాకాలంలో చేలల్లో తనంత తాను మొలిచే మొక్క. ఇప్పుడు ఊళ్లో ఎవరి చేనులోనైనా చిన్న మొక్కలు దొరుకుతాయి కాబట్టి వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా పెళ్లగించి తెచ్చి, ఒక వెడల్పాటి కుండీలో నాలుగైదు కలిపి నాటండి. కలుపు మందుల వాడకం పెరిగిన చేలల్లో గునుగు కనబడటం తగ్గిపోయింది. బతుకమ్మకు ఆధారమైన పువ్వు మన వాకిట్లో ఒక కుండీలోనైనా పెరగడం నాకు ఎంతో అవసరమైన పనిగా తోస్తుంది. పట్టుకుచ్చు పూలు దానికి దగ్గరి జాతే. మఖమలు లాంటి ఆ ముదురు ఎరుపు, గునుగు తెలుపు పక్కపక్కన ఉంటే ఇక వేరే అలంకరణ అక్కరలేదు.

తంగేడును మాత్రం కుండీలో పెట్టకండి. 2014లో రాష్ట్ర పుష్పంగా గుర్తింపు పొందిన ఈ మొక్క రాళ్ల నేలలో లోతుగా వేరు దింపి ఎండకు తట్టుకుంటుంది. కుండీలో ఆ వేరుకు చోటు చాలదు. ప్రహరీ పక్కన జానెడు నేల ఉంటే అక్కడ వేయండి, లేకపోతే పండుగ ఉదయం కొమ్మలు తెచ్చి నీళ్ల చెంబులో నిలబెట్టండి.

గ్రిల్లుకు నేను సూచించేది గుమ్మడి తీగ. బతుకమ్మ పేర్చేటప్పుడు తాంబాలంలో అడుగున పరిచే ఆకు, గౌరమ్మగా నిలిపే పువ్వు రెండూ మీ గ్రిల్లు మీదే దొరుకుతాయి. గుమ్మడికి ముందు వచ్చేవి మగపూలే కాబట్టి వాటిలో కొన్నింటిని కోసుకున్నా కాయకు నష్టం లేదు.

జవాబు: బోరునీళ్లు

ఆకుల కొసలు ఎండటం గురించి మాత్రమే రాస్తున్నాను, ఎందుకంటే నల్లగొండలో మొక్కలు పెంచేవారు తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి ఇది. మన జిల్లా భూగర్భ జలాల్లో చాలా చోట్ల ఫ్లోరైడు ఎక్కువ. డ్రసీనా, స్పైడర్ మొక్క, కార్డిలైన్ వంటి కొన్ని మొక్కలు దానికి చాలా సున్నితం. వేరు పీల్చిన నీటితో పాటు ఫ్లోరైడు ఆకు కొస వరకు చేరుతుంది. నీరు ఆవిరై పోతుంది కానీ ఫ్లోరైడు అక్కడే పేరుకుంటుంది, అందుకే మచ్చ ఎప్పుడూ కొస నుంచీ అంచుల నుంచీ మొదలవుతుంది. మనుషులు తాగే నీటికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంతకంటే తక్కువ ఉన్న నీటికి కూడా ఈ మొక్కల ఆకులు మాడతాయి.

ఒకసారి మాడిన కొస మళ్లీ పచ్చబడదు. చేయవలసింది కొత్త ఆకులను కాపాడుకోవడం. ఈ వానాకాలంలో డాబా మీది గొట్టం కింద డ్రమ్ము పెట్టి, మూత వేసి, ఆ వాన నీటిని ఈ రెండు మొక్కలకే కేటాయించండి. కృష్ణా నీళ్లు వచ్చే నల్లా ఉంటే అవి కూడా పోయవచ్చు. ఆర్‌వో యంత్రం బయటికి వదిలే నీటిని మాత్రం ఏ కుండీకీ పోయవద్దు. వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో చాలామంది పోస్తున్నారు, కానీ బోరు నీటిలోని లవణాలు, ఫ్లోరైడు అందులో మరింత చిక్కబడి ఉంటాయి. మీరు వేసిన ఎరువు సూపర్ ఫాస్ఫేటు అయితే దానిలో కూడా ఫ్లోరైడు ఉంటుంది, కాబట్టి ఈ మొక్కలకు ఆపివేయండి.

బంతికి, గునుగుకు బోరు నీళ్లతో ఇంత ఇబ్బంది లేదు. మట్టి కుండీల అంచున తెల్లటి పొర కట్టినప్పుడు మాత్రం, అడుగు రంధ్రం నుంచి ధారాళంగా కారేంత వరకు వాన నీళ్లు పోసి ఉప్పును కడిగివేయండి.

జవాబు: మెట్లు_అరుగులు

పాలమూరు వారు రాసినదానితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. కోతులు తిరిగే కాలనీలో గ్రిల్లు మీద గుమ్మడి పాకించడం వాటిని ఇంటి గడప వరకు పిలవడమే అవుతుంది. లేత పిందె కనబడితే తీగ మొత్తాన్ని లాగివేస్తాయి. గ్రిల్లుకు కాశీరత్నం లేదా శంఖుపుష్పం పాకించండి. కాశీరత్నం విత్తనం ఈ వారం వేస్తే బతుకమ్మ రోజులకు సన్నని ఆకుల నడుమ చిన్న ఎర్రని నక్షత్రాల వంటి పూలతో గ్రిల్లంతా నిండుతుంది. శంఖుపుష్పం నీలం బంతి పసుపు పక్కన ఎంతో బాగుంటుంది. మందార మొగ్గలను కూడా కోతులు వదలవు, కానీ ఘాటైన వాసన వల్ల కాబోలు, బంతిని అంతగా ముట్టవు.

ఇక అమరిక. మెట్ల నడుమ ఒక్క కుండీ కూడా పెట్టకండి. వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేసే మనిషి చేయి తిరగాలి. సద్దుల నాడు పెద్ద బతుకమ్మను ఇద్దరు పట్టుకొని ఆ మెట్లు దిగాలి. పూలన్నీ అరుగుల మీదికి పోవాలి. ఒక్కో అరుగుకు గోడ వైపు ఒక పెద్ద గోళెం పెట్టి అందులో ముద్దబంతి, పట్టుకుచ్చు వేయండి. దాని ముందు గునుగు కుండీ, అన్నిటికంటే ముందు పొట్టి కారబంతి, రుద్రాక్ష పూలు ఉంచండి. కుడి అరుగు మీద ఉన్నదే ఎడమ అరుగు మీద కూడా ఉండాలన్న పట్టింపు వద్దు, రంగులు కలిస్తే చాలు. అడుగు వెడల్పుగా, బరువుగా ఉన్న కుండీలనే ఎంచుకొని, అరుగు అంచున ఉన్నవాటిని గ్రిల్లుకు తీగతో కట్టండి. తేలికపాటి ప్లాస్టిక్ కుండీలు కోతుల చేతిలో ఒక్క పూట నిలవవు.

కుండీలకు రంగు డబ్బాలు కొనకండి. మట్టి కుండీకి వెలుపల జాజు పూసి, సున్నంతో చుక్కలు, గీతలు పెడితే మన గడపకు వేసే అలంకరణే కుండీకీ వస్తుంది, ఇల్లంతా ఒక్కటిగా కనబడుతుంది. వరండా లోపలి నీడలో మీ డ్రసీనాతో పాటు మనీ ప్లాంటు, సింగోనియం చాలు. కుండీల కింది పళ్లేలలో నిలిచిన నీటిని మాత్రం వారానికి ఒకసారైనా పూర్తిగా పారబోసి తుడవాలి, డెంగీ దోమ అటువంటి నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది.

ప్రశ్న అడిగినవారు: వరండా_నల్లగొండ

అందరికీ కృతజ్ఞతలు. గుమ్మడి తీగను ఇంటి వెనుక ప్రహరీ మీదికి మార్చి, గ్రిల్లుకు కాశీరత్నం వేస్తాను. వాన నీటికి డ్రమ్ము ఈ రోజే పెట్టించాము. చామంతి గురించి ఎవరూ రాయలేదు. వరండాలో రాత్రంతా బల్బు వెలుగుతుంది; ఆ వెలుతురులో చామంతి సరిగా పూయదని విన్నాను, నిజమేనా? దీపావళి దీపాలను కుండీల మధ్య పెట్టవచ్చా?

జవాబు: పాలమూరు_చెల్క

కోతుల సంగతి నిజమే, తీగను వెనక్కి మార్చడం మంచి నిర్ణయం.

చామంతి గురించి మీరు విన్నది వాస్తవం. రాత్రుల నిడివి పెరిగే కొద్దీ మొగ్గ కట్టే స్వభావం దానిది. రాత్రి పూట బల్బు వెలుతురు మీద పడితే మొక్క దాన్ని పగలుగానే భావించి ఆకులు వేస్తూ పోతుంది. కాబట్టి చామంతి కుండీలను ఇప్పుడు డాబా మీదనో, వీధి దీపం పడని మూలనో పెంచి, మొగ్గలు రంగు చూపించాక అరుగు మీదికి దింపండి. అవి బతుకమ్మకు అందుతాయని ఆశ పెట్టుకోవద్దు. దీపావళికి మొదలై కార్తికమంతా పూస్తాయి. ఇంట్లో పిలకలు లేకపోతే దసరా తరువాత నర్సరీలో కొనడమే మేలు. పూర్తిగా విచ్చిన కుండీని కాక, నాలుగైదు పూలు మాత్రమే విచ్చి మిగతావి మొగ్గలుగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

వానలు ఆగి ఎండ పొడిబారాక బంతి ఆకుల అడుగున సన్నని గూడు కనబడితే అది ఎర్రనల్లి. ఆకుల అడుగు తడిసేలా నీటిని బలంగా చిమ్మండి, తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

దీపాలను మెట్ల మీద పెట్టండి, కుండీల మధ్య వద్దు. అప్పటికి గునుగు వెన్నులు ఎండి ఉంటాయి, చిన్న మంటకే అంటుకుంటాయి. అసలు పండుగకు ముందే ఆ వెన్నులను కోసి ఒక గుడ్డ మీద దులిపితే నల్లగా మెరిసే గింజలు రాలుతాయి, వాటిని దాచుకోండి. బంతి గింజలు దాచేటట్లయితే నాటు రకం మొక్కల నుంచే తీసుకోండి. హైబ్రిడ్ ప్యాకెట్టు మొక్కల గింజలు వేస్తే మరుసటి ఏడు అదే పువ్వు రాదు.