పీసీని టీవీకి కలిపితే అంచులు పోతున్నాయ్, సౌండ్ లేదు, అమ్మ లావుగా కనపడతంది

బ్రాడీపేట_బుజ్జి:
అందరికీ నమస్తే, మాది గుంటూరు. వచ్చే ఆదివారం మా అమ్మానాన్నల పాతికేళ్ల పెళ్లిరోజు. పెళ్లి క్యాసెట్ ఎప్పుడో కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టాం, చుట్టాలంతా వస్తారు కదా హాల్లో 43 అంగుళాల టీవీలో వేద్దామని. పెన్‌డ్రైవ్‌లో పెడితే టీవీ ఆ ఫైల్ తీసుకోనంది, సరేలే అని సీపీయూనే మోసుకొచ్చా. పాత డెస్క్‌టాప్, వెనకాల బొమ్మ బయటికెళ్లే సాకెట్లు నీలం వీజీఏ, తెల్ల డీవీఐ ఉన్నాయ్ గానీ టీవీకి ఉండే హెచ్‌డీఎంఐ లేదు, షాపులో అడిగితే ఒక పక్క డీవీఐ ఇంకో పక్క హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్ ఇచ్చాడు. బొమ్మైతే వచ్చింది. కానీ స్టార్ట్ బటన్ సగమే ఉంది, కింద గడియారం అసలు లేదు, సౌండ్ సున్నా. వీడియో వేస్తే పెళ్లికూతురు అడ్డంగా సాగిపోయి ఉంది, నాన్న చూసి "పెళ్లినాటికే ఇంత లావుందా మీ అమ్మ" అన్నాడు, అప్పట్నుంచి ఇంట్లో టిఫిన్ కూడా సరిగ్గా పెట్టట్లా. షాపతనేమో కేబుల్ మామూలుది, 1800 పెట్టి గోల్డ్ ప్లేటెడ్ తీసుకో అంటున్నాడు. తీసుకోనా?

పటమట_పిల్లోడు:
వద్దు బ్రో, ఆ 1800 పెళ్లిరోజు కేక్‌కి పెట్టు. ఇది డిజిటల్ సిగ్నల్, కేబుల్ బాగోపోతే తెరమీద చుక్కలు మెరుస్తాయ్, లేదంటే బొమ్మ పోతా వస్తా ఉంటది, అంతేగానీ నాలుగు పక్కలా కత్తెరేసినట్టు కోసెయ్యదు. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. వెనకటి డబ్బా టీవీల్లో అంచులు కుదురుగా ఉండేవి కాదు, అందుకని బొమ్మని కాస్త పెద్దది చేసి చివర్లు ఫ్రేమ్ వెనక్కి దాచేవాళ్లు, ఈ ఫ్లాట్ టీవీలకి ఆ అవసరం లేకపోయినా అలవాటు పోలా. సినిమాకైతే తెలీదు, కంప్యూటర్ పెట్టినప్పుడే దొరికిపోయిద్ది. రిమోట్‌లో పిక్చర్ సైజ్‌లోకి వెళ్లు, శామ్‌సంగ్‌కి స్క్రీన్ ఫిట్ అని, ఎల్‌జీకి జస్ట్ స్కాన్ అని ఉండిద్ది, వేరేవాటిలో ఫుల్ పిక్సెల్ లాంటి పేరేదో ఉంటది. విండోస్‌లో రిజల్యూషన్, అంటే తెరమీది చుక్కల లెక్క, 1920 బై 1080 ఉందో లేదో కూడా చూస్కో, మీది ఫుల్ హెచ్‌డీ అయితే. ముందు టీవీలో సరిచెయ్యి, గ్రాఫిక్స్ సెట్టింగుల్లో బొమ్మని కుదించావంటే అక్షరాలు మసకైపోతాయ్.

సత్యనారాయణపురం_మాస్టారు:
బాబూ, సౌండ్ సంగతి నేను చెప్తా. హెచ్‌డీఎంఐలో బొమ్మా శబ్దం రెండూ వెళ్తాయి, డీవీఐ మామూలుగా బొమ్మకే. కొన్ని గ్రాఫిక్స్ కార్డులు డీవీఐలోంచి కూడా శబ్దం పంపిస్తాయి గానీ నీది మదర్‌బోర్డు మీది పోర్టు అయితే ఆశ పెట్టుకోకు. సీపీయూ వెనక పచ్చ రంగు జాక్ ఉంటుంది, అందులోంచి ఎరుపు తెలుపు పిన్నుల వైరు ఒకటి తీసుకుని హోమ్ థియేటర్‌కి కలిపెయ్, పెద్ద ఖర్చు కాదు. టీవీ స్పీకర్ కంటే అదే నయం కూడాను. వీజీఏని హెచ్‌డీఎంఐగా మార్చే కన్వర్టర్ కొంటానంటావేమో, అనలాగ్‌ని డిజిటల్ చెయ్యాలి గనక లోపల చిప్పు, దానికి చాలావరకు యూఎస్‌బీ నుంచి కరెంటు కావాలి, నీకు డీవీఐ ఉండగా ఆ బాధ దేనికి.

అరండల్‌పేట_అక్క:
తమ్ముడూ ఒక్క మాట, సీపీయూని హాల్లోకి తెచ్చానన్నావ్, ప్లగ్గు మూడు పిన్నులదే పెట్టావా లేక రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో దూర్చావా? మేం అదే చేశాం, మా వారు ఒక చేత్తో టీవీ వెనకున్న కేబుల్ టీవీ వైరు, ఇంకో చేత్తో సీపీయూ రేకు పట్టుకునేసరికి జివ్వుమంది, ఉలిక్కిపడి నన్ను గుద్దితే నేను చెంచాతో కలుపుతున్న కాఫీ నామీదే పడింది. ఎర్త్ లేకపోతే పవర్ సప్లైలో ఉండే ఫిల్టర్ వల్ల 230 వోల్టుల్లో దాదాపు సగం రేకు మీదికొస్తది, కరెంటు కొంచెమే కాబట్టి మనకి జివ్వుమంటది గానీ పోర్టులు పోవచ్చు. రెండూ ఆఫ్ చేసి, ప్లగ్గులు పీకి, అప్పుడు కేబుల్ పెట్టు.

పటమట_పిల్లోడు:
అక్క చెప్పింది కరెక్ట్. ఆ, మీ అమ్మగారి కేసు మర్చిపోయా. వెడల్పు ఎత్తుల లెక్కలో క్యాసెట్ వీడియో 4:3, టీవీ 16:9, దాన్ని అడ్డంగా లాగితే ఎవరైనా లావే. వీఎల్‌సీ ప్లేయర్‌లో వేసి కీబోర్డు మీద ఇంగ్లిష్ A అక్షరం నొక్కుతూ పో, 4:3 దగ్గర ఆగు, పక్కన నల్ల పట్టీలు వస్తాయ్, రానీ. తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాగా గీతలు కనపడితే D నొక్కు. క్యాసెట్‌లో ఉండేది 576 గీతలే, అవీ సరి బేసి వంతులేసుకుని వస్తాయ్ కాబట్టి అలా. ఎంత పెద్ద టీవీ అయినా అంతకుమించి క్లారిటీ రాదు, గోల్డ్ కేబుల్ పెట్టినా రాదు.

బ్రాడీపేట_బుజ్జి:
అందరికీ చాలా థ్యాంక్స్! జస్ట్ స్కాన్ పెట్టగానే గడియారం వచ్చేసింది. అక్కా, రెండు పిన్నులదే పెట్టా, మీ మెసేజ్ చూసి మార్చా. 4:3 పెట్టాక నాన్నే "చూశావా ఎంత సన్నగా ఉండేదో" అన్నాడు, పొద్దున పెసరట్టు వచ్చింది. మాస్టారూ, పచ్చ జాక్ నుంచి సౌండ్ కూడా వచ్చింది గానీ తీరా చూస్తే క్యాసెట్ మొత్తం సినిమా పాటలే, వీడియో అతను మంత్రాలు ఒక్క ముక్క ఉంచలా. అమ్మమ్మ పంతులుగారి గొంతు వినాలని కూర్చుంది.