ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్: ఇంటి ఆదాయం చూడాలా, చదివే స్కూలు చూడాలా?

మేనమామ, తణుకు

మా అక్క కూతురి సంగతి చెప్పి మీ అభిప్రాయం అడగాలని రాస్తున్నాను. బావ ఆటో నడుపుతాడు, అక్క ఇంట్లో మిషను కుడుతుంది. పాప ఏడో తరగతి దాకా జడ్పీ హైస్కూల్లో చదివింది. లెక్కల్లో చాలా చురుకు. ఎనిమిదిలోకి వచ్చే వేసవిలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు ఇంటికొచ్చి, ఐఐటీ ఫౌండేషన్ చెబుతాం, ఫీజు కూడా తగ్గిస్తాం అన్నారు. అక్క డ్వాక్రా లోను తీసి 18,000 కట్టి చేర్పించింది. ఆ ఏడాదే పాత స్నేహితులంతా ఎన్‌ఎంఎంఎస్‌కి అప్లై చేస్తున్నారని విని పాప కూడా అడిగితే, ప్రైవేటు స్కూలు పిల్లలకు అది లేదని చెప్పారు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎన్‌ఎంఎంఎస్ అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, కేంద్రం 2008లో మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతిలో పరీక్ష పెడతారు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 ఇస్తారు. నాలుగేళ్లకు 48,000. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ (ప్రభుత్వ గ్రాంటుతో ప్రైవేటు యాజమాన్యం నడిపే) స్కూళ్లలో చదివేవాళ్లే రాయాలి.

మా బావ సంపాదన రెండు లక్షలు కూడా ఉండదు. అప్పు చేసి ఫీజు కట్టారు కాబట్టి వాళ్లు పేదవాళ్లు కాకుండా పోయారా? ఆదాయ పరిమితి ఉన్నప్పుడు స్కూలు షరతు ఎందుకు? ఈ నిబంధన తీసేయాలన్నది నా వాదన.

సాయంత్రం క్లాసు (జడ్పీ హైస్కూలు టీచరు)

మీ పాప సంగతి చదివితే బాధేసింది. అయినా మీ వాదన ఒప్పుకోలేను.

మా స్కూల్లో ఎనిమిదో తరగతి వాళ్లను బడి అయ్యాక గంటన్నర కూర్చోబెట్టి ఈ పరీక్షకు తయారు చేస్తాను. మ్యాట్ 90 మార్కులు, శాట్ 90 మార్కులు. మ్యాట్ అంటే రీజనింగ్, శాట్ అంటే బడి పాఠాలు. మా పిల్లలు ఆ తరహా ప్రశ్నను మొదటిసారి చూసేది నా క్లాసులోనే. ఆంధ్రా మొత్తానికి ఏటా ఉన్న స్కాలర్‌షిప్‌లు 4,087. తెలంగాణకు 2,921. అందరికీ తలుపులు తీస్తే, ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ పేరుతో రీజనింగ్ చేసిన పిల్లలు వచ్చి ఆ 4,087లో ఎక్కువ పట్టుకుపోతారు. ఆదాయ సర్టిఫికెట్ ఆపుతుందంటారా? దాని మీద ఎంత రాస్తున్నారో మనందరికీ తెలుసు. జీతం లేని ఇంటి ఆదాయాన్ని పక్కాగా లెక్కకట్టే దారి ఏ ఆఫీసులోనూ లేదు. పిల్ల ఏ బడిలో కూర్చుందో మాత్రం ఎవరూ దాచలేరు. అందుకే స్కూలు షరతు పెట్టారని నా నమ్మకం.

ఇంకో మాట. ఎనిమిది తర్వాత చదువు మానేసే పిల్లల్ని ఆపడమే ఈ పథకం లక్ష్యం. నా క్లాసులో ఏటా ఒకరిద్దరు మిర్చి కోతలకని వెళ్లి తిరిగి రారు. నెలకు వెయ్యి వస్తుందంటే అమ్మానాన్నలు ఆగి ఆలోచిస్తారు. అది నేను కళ్లతో చూశాను.

గురుకులం అమ్మ

సార్, మీరు ప్రభుత్వ బడి అన్నారు కదా. మా అబ్బాయి గురుకులంలో చదువుతున్నాడు. అదీ ప్రభుత్వానిదే. వాడికీ లేదన్నారు.

సాయంత్రం క్లాసు

అవునమ్మా. భోజనం, వసతి ప్రభుత్వమే చూసే రెసిడెన్షియల్ స్కూళ్ల పిల్లలు ఇందులోకి రారు. కేజీబీవీలు (కస్తూర్బా బాలికల విద్యాలయాలు) కూడా అంతే. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు కూడా రావు. మీ అబ్బాయి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు 12,000 కన్నా చాలా ఎక్కువన్నది వాళ్ల లెక్క.

గురుకులం అమ్మ

ఆ లెక్క నాకు అర్థమైంది, దానికి నేను బాధపడటం లేదు. చేర్చేటప్పుడే ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. వాడు వేసవి సెలవులన్నీ ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు.

చిన్న బడి (ప్రైవేటు టీచరు, నల్గొండ జిల్లా)

మా స్కూలును కార్పొరేట్ స్కూళ్లతో కలిపి చూడకండి. రేకుల షెడ్డు, 140 మంది పిల్లలు. తల్లిదండ్రుల్లో సగం మంది కూలీలు. బస్సు వాకిట్లోకి వస్తుందని, పొలం నుంచి తిరిగొచ్చేదాకా పిల్లల్ని మేం చూసుకుంటామని పంపుతారు. రీజనింగ్ కోచింగ్ మా దగ్గర ఎక్కడిది? నాకొచ్చే జీతం జడ్పీ సార్ల జీతంలో నాలుగో వంతు ఉండదు.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఆంధ్రాలో 2022-23 నుంచి ఒకటో తరగతిలో ఇస్తున్నారు. ఆ పిల్లల్ని ప్రైవేటు బడికి పంపుతున్నది ప్రభుత్వమే. మొదటి బ్యాచ్ 2029-30లో ఎనిమిదికి వస్తుంది. ఆ చట్టం ఉచితం అనేది ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదిలో ఫీజు మీద పడుతుంది, సరిగ్గా అక్కడే మొదలయ్యే ఈ స్కాలర్‌షిప్‌కు మాత్రం వాళ్లు అర్హులు కారు. పేదవాళ్లని ఒప్పుకుని సీటిచ్చిన పిల్లలే వీళ్లు. వీళ్ల గురించి ఏమంటారు సార్?

సాయంత్రం క్లాసు

ఆ కోణం నాకు తట్టలేదు. ఆ పిల్లల వరకు మీరు చెప్పింది న్యాయం. ప్రభుత్వం దగ్గరే వాళ్ల జాబితా ఉంది, తప్పుడు సర్టిఫికెట్ భయం కూడా తక్కువ. వాళ్లకు వేరే కోటా పెట్టి ఇస్తే నేను అడ్డు చెప్పను. ఉన్న 4,087లోంచి మాత్రం తీయకూడదు.

హోసూరు తెలుగు

మా తమిళనాడులో స్కూలు షరతు ఇంకా గట్టిది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్ల కాలేజీలో చేరితే నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్నారు. పుదుమై పెణ్ అంటారు, 2022 సెప్టెంబరులో వచ్చింది. మెడికల్ సీట్లలో కూడా ప్రభుత్వ బడి పిల్లలకు 2020 నుంచి 7.5 శాతం ఉంది. దానికీ అదే ఆరు నుంచి పన్నెండు లెక్క.

వీటి గురించి తెలిశాక మా వీధిలో రెండు కుటుంబాలు పిల్లల్ని ఆరులోనే ప్రభుత్వ బడికి మార్చాయి. బడికి పిల్లలు పెరిగితే టీచర్లూ పెరుగుతారు. కాబట్టి షరతు మంచిదే అంటాను. కానీ ఆ సంగతి ఆరో తరగతికి ముందే ఇంటికి చేరాలి. ఏడులోనో ఎనిమిదిలోనో తెలిస్తే అప్పటికి గడువు దాటిపోయినట్టే.

మేనమామ, తణుకు

మా విషయంలో జరిగింది అదే. ఏ స్కూల్లో చేర్చాలన్న నిర్ణయం జూన్‌లో తీసుకున్నాం, దాని ఖరీదు ఎంతో తర్వాత తెలిసింది. ఒక్క ఏడాది ఆగి ఉంటే 48,000కు పరీక్ష రాసే అవకాశం ఉండేది. ఆ లోను వాయిదా అక్క ఇప్పటికీ కడుతోంది.

మన రాష్ట్రంలోనే బడికెళ్లే పిల్లల తల్లులకు ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ ఇద్దరికీ ఇస్తున్నారు. అక్కడ అడ్డురాని స్కూలు ఇక్కడ ఎందుకు అడ్డొచ్చింది?

బీటెక్ మూడో ఏడాది

అది బడికి వచ్చే అందరికీ ఇచ్చేది అండీ, ఇది పోటీ పెట్టి కొందరికే ఇచ్చేది. రెండూ ఒకటి కాదు.

స్కూలు షరతు ఇంటర్‌తో పోదు, కాలేజీలోనూ వెంటాడుతుంది. నేను కన్వీనర్ కోటా, నా పక్కన కూర్చునే అమ్మాయి మేనేజ్‌మెంట్ కోటా. ఇద్దరి నాన్నలూ చిన్న రైతులే. ఫీజు రీయింబర్స్‌మెంట్ నాకు వస్తుంది, తనకు రాదు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకు కూడా రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. యూనివర్సిటీ కాలేజీలో సీటొచ్చినవాళ్లకు వచ్చింది, అదే కోర్సు బయట చదివినవాళ్లకు రాలేదు.

పాత ఎయిడెడ్ విద్యార్థి

ఎయిడెడ్ స్కూళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. 2021లో ఆంధ్రాలో ఎయిడ్ వదులుకోమని యాజమాన్యాలను అడిగినప్పుడు ఎంత గొడవ జరిగిందో గుర్తుందా? ఎయిడ్ వదులుకుని ప్రైవేటుగా నడిచే స్కూల్లో పిల్లలు అర్హత కోల్పోతారు. అదే గేటు, అదే బెంచీ, పిల్ల ఎక్కడికీ కదల్లేదు. ఇందులో పిల్ల ఎంచుకున్నది ఏముంది? అలాంటి చోట అప్పటికే చదువుతున్న బ్యాచ్‌లకైనా అర్హత ఉంచాలి.

సాయంత్రం క్లాసు

ఒప్పుకుంటాను. ఇంకొకటి నేనే చెబుతాను, ఇది నన్ను ఏటా బాధపెడుతుంది. మా దగ్గర స్కాలర్‌షిప్ గెలిచిన పిల్లలు, ఇంటర్‌లోనూ అది కొనసాగడానికి కావాల్సిన 60 శాతం పదిలో తెచ్చుకుంటారు. ఎస్సీ, ఎస్టీలకు 55 చాలు. తర్వాత ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీలో చేరిపోతారు. ఇంటర్‌లోనూ ప్రైవేటు కూడదన్న షరతు ఉంది కాబట్టి చివరి రెండేళ్ల 24,000 పోతుంది. మా మండలం నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీకి రెండు బస్సులు మారాలి. ఆడపిల్లను అంత దూరం పంపడానికి ఇంట్లో భయపడతారు. ప్రతిభ చూపించి గెలిచిన పిల్లకు ఊళ్లో కాలేజీ లేకపోవడం తన తప్పు కాదు. పరీక్ష దగ్గర స్కూలు షరతు ఉండాలి, గెలిచాక ఇంటర్‌లో తీసేయాలి. నా అభిప్రాయం ఇది.

చిన్న బడి

ఎనిమిదిలో మా పిల్లలకు వద్దన్న షరతు, ఇంటర్‌లో మీ పిల్లలకు అడ్డొస్తే తీసేయాలా సార్?

సాయంత్రం క్లాసు

మీరు అడిగింది సూటిగా తగిలింది. ఎనిమిదిలో అయితే దాదాపు ప్రతి ఊళ్లో మా బడి ఉంది, ఇంటర్‌కు వచ్చేసరికి లేదు. తేడా నాకు అక్కడే కనిపిస్తోంది. మీ బడిలోని కూలీల పిల్లలకు ఈ జవాబు సరిపోదని నాకూ తెలుసు.

కొత్త సభ్యురాలు

మా బాబు ఏడో తరగతి, ప్రైవేటులో. ఇప్పుడు మారిస్తే రాయొచ్చా అండీ?

సాయంత్రం క్లాసు

ఎనిమిదో తరగతి ప్రభుత్వ, జడ్పీ, మునిసిపల్ లేదా ఎయిడెడ్ స్కూల్లో రెగ్యులర్‌గా చదువుతుండాలి. ఏడులో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు ఐదు శాతం సడలింపు. ఆధార్‌లో, స్కూలు రికార్డులో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. ఎంపికయ్యాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో వివరాలు కలవక డబ్బు ఆగిన పిల్లలు మా బడిలోనే ఉన్నారు. తర్వాత ఏటా రెన్యువల్ చేయాలి. ఎయిడెడ్ అని బోర్డు ఉన్నా, ఇప్పటికీ ఎయిడ్ ఉందో లేదో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగాకే చేర్చండి. డబ్బు కోసమే అయితే మార్చొద్దు. 4,087లో ఒకడవుతాడన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

మేనమామ, తణుకు

మేడమ్, మా అక్కకు జూన్‌లో ఈ మాటలు చెప్పేవాళ్లు లేరు. మీరు జూన్ రాకముందే అడిగారు. రేపే ఎంఈవో ఆఫీసుకు వెళ్లండి.