మొత్తం ఫెయిల్యూర్ శాతం మీద ఒక్క అలర్ట్ సరిపోతుందా, బ్యాంకుకొకటి పెట్టాలా?

కొత్త ఆన్‌కాల్:
అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో చిన్న పేమెంట్ గేట్‌వే (షాపులకు వచ్చే డిజిటల్ చెల్లింపులను నడిపే) టీం, ఆరుగురం. అలర్ట్ మోగితే లేచి చూసే ఆన్‌కాల్ డ్యూటీ నాది. యూపీఐ ట్రాఫిక్‌లో ఫెయిలైనవి 5 నిమిషాల పాటు 10% దాటితే ఫోన్ మోగేలా ప్రొమీథియస్‌లో (సిస్టమ్‌లను గమనించి అలర్ట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) ఒకే రూలు పెట్టుకున్నాం. పోయిన వారం రాత్రి 2:40కి మోగింది. లేచి చూస్తే ఆ ఐదు నిమిషాల్లో వచ్చినవి 7, ఫెయిలైనవి 2. రెండూ పిన్ తప్పు కొట్టినవే. అదే వారం పట్టపగలు ఒక బ్యాంకు 40 నిమిషాలు పూర్తిగా పడిపోతే మాత్రం ఏదీ మోగలేదు. ఒక కిరాణా షాపాయన ఫోన్ చేసి అడిగితే గానీ మాకు తెలియలేదు. బ్యాంకుకొక రూలు పెడదామని నేనంటున్నా. అలర్ట్‌లు పెరిగిపోతాయి, వద్దని మా లీడ్. మీరేమంటారు?

పాతకాపు:
మీ లీడ్ చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. నేను ఇంతకుముందు పనిచేసిన చోట అరవైకి పైగా రూల్స్ ఉండేవి. రాత్రికి పది సార్లు మోగేది. నెల తిరిగేసరికి అందరం ఫోన్ బోర్లా పెట్టి పడుకోవడం అలవాటైంది. నిజంగా కొంప మునిగిన రోజు కూడా అలాగే పడుకున్నాం. ఆ ఒక్క రూలే ఉంచుకోండి, కనీసం 200 లావాదేవీలు ఉంటేనే లెక్కలోకి తీసుకోమని ఒక షరతు పెట్టండి. అర్ధరాత్రి గోల పోతుంది.

సెటిల్‌మెంట్ డెస్క్:
కనీస సంఖ్య షరతు తప్పకుండా పెట్టాల్సిందే, అక్కడ పాతకాపు గారితో నాకు పేచీ లేదు. కానీ దానితో రాత్రి గోల పోతుందే తప్ప పగలు జరిగింది పట్టుబడదు. లెక్క వేసి చూడండి. పడిపోయిన బ్యాంకుకు మీ ట్రాఫిక్‌లో 3% వాటా, మామూలు రోజుల్లో మీ ఫెయిల్యూర్లు 6% అనుకుందాం. ఆ బ్యాంకువి నూటికి నూరూ ఫెయిలైనా మొత్తం శాతం 9కి కూడా చేరదు. 10 దగ్గర కాపలా కూర్చున్న రూలు కదలదు. ఆ బ్యాంకు ఖాతాదారుడికి మాత్రం ఆ నలభై నిమిషాలూ పేమెంట్ అన్నదే లేదు.

పైగా ఆ 6 శాతంలో ఎక్కువ భాగం అసలు మన సిస్టమ్‌కు సంబంధించినదే కాదు. ఖాతాలో డబ్బు లేకపోతే జెడ్9 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది, పిన్ తప్పయితే జెడ్ఎం. ఇవి బిజినెస్ డిక్లైన్‌లు, అంటే కస్టమర్ వైపు కారణంతో తిరస్కరించినవి. బ్యాంకు సర్వర్ పలకకపోవడం, టైమవుట్ అవడం టెక్నికల్ డిక్లైన్‌లు. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ కూడా ప్రతి నెలా బ్యాంకుల వారీగా ఈ రెంటినీ విడివిడిగానే ప్రచురిస్తుంది. మీ రూల్లోకి టెక్నికల్ వాటినే తీసుకోండి. అప్పుడు మామూలు శాతం బాగా కిందికి దిగుతుంది, చిన్న కదలిక కూడా కనబడుతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది పెండింగ్. డబ్బు కట్టినవాడి ఖాతాలోంచి పోయింది, అవతలి బ్యాంకు జవాబివ్వలేదు. అది సక్సెస్ కాదు, ఫెయిలూ కాదు, కాబట్టి ఎర్రర్ శాతం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో పెట్టిన గడువు ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపినదైతే మర్నాటికల్లా, షాపుకు కట్టినదైతే 5 రోజుల్లో వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం. కాగితం మీద బాగానే ఉంది. కానీ మందుల షాపు ముందు నిలబడి, డబ్బు పోయిందని ఫోన్ చూపిస్తూ, మందు చేతికి రాక ఏడ్చిన ఒక పెద్దాయన కంప్లయింట్ నేను స్వయంగా చూశాను. ఆ సమయంలో మా మానిటరింగ్ బోర్డు మీద అంతా పచ్చగానే ఉంది. ఎర్రర్‌లకు ఎంత కాపలా పెడతారో పెండింగ్‌కూ అంత పెట్టండి.

ఇంకొకటి, ట్రాఫిక్ పూర్తిగా ఆగిపోతే ఎర్రర్‌లూ ఉండవు. సున్నాను సున్నాతో భాగిస్తే విలువే రాదు, అలర్ట్ మోగదు. పోయిన వారం ఇదే గంటతో పోల్చి లావాదేవీలు సగానికి పడితే మోగే రూలు వేరుగా ఉండాలి.

పాతకాపు:
పెండింగ్ సంగతి ఒప్పుకుంటున్నా, నేను దాన్ని ఆలోచించలేదు. కానీ బ్యాంకుల వారీ అలర్ట్ మీద నా ప్రశ్న అలాగే ఉంది. తెల్లవారుజామున 3 గంటలకు ఎవరిదో బ్యాంకు పడిపోయింది. మమ్మల్ని లేపితే మేం చేసేదేముంది? వాళ్ల సర్వర్ మేం లేపలేం కదా.

సెటిల్‌మెంట్ డెస్క్:
రాత్రి లేపొద్దు, పొద్దున చూసుకునేలా ఒక టికెట్ (నమోదు) పడితే చాలు. పగలైతే చేయాల్సింది చాలా ఉందండీ. పేమెంట్ పేజీలో ఆ బ్యాంకు పక్కన ‘ప్రస్తుతం ఇబ్బంది ఉంది, వేరే ఖాతా వాడండి’ అని చూపించవచ్చు. డబ్బు ఇరుక్కున్నాక సర్దిచెప్పడం కంటే ముందే ఆపడం మేలు. చేయకూడనిదీ ఒకటుంది. అలర్ట్ మోగగానే లావాదేవీలు ఏమయ్యాయని స్టేటస్ అడిగే స్క్రిప్టును దానికి కట్టేయొద్దు. 2025 ఏప్రిల్ 12న యూపీఐ గంటల తరబడి ఇబ్బంది పడింది బ్యాంకుల నుంచి ఆ స్టేటస్ రిక్వెస్టులు వెల్లువెత్తడం వల్లే. ఆ తర్వాతే ఎన్‌పీసీఐ ఒక్కో లావాదేవీ గురించి రెండు గంటల్లో మూడుసార్లకు మించి అడగొద్దని పరిమితి పెట్టింది.

కొత్త ఆన్‌కాల్:
ఇద్దరికీ థాంక్స్. నిన్న పాత నెల డేటా మీద కొత్త రూల్స్ నడిపి చూశాను. టెక్నికల్ డిక్లైన్‌లు, బ్యాంకుల వారీగా, కనీసం 50 లావాదేవీలు. ఆ బ్యాంకు పడిన రోజు 6వ నిమిషానికే పట్టుకుంది. 2:40 నాటిది మోగలేదు. మా లీడ్ కూడా సరేనన్నారు. పెండింగ్ రూలే తేలలేదు. 1వ తేదీ సాయంత్రం జీతాల రద్దీకి మూడుసార్లు ఊరికే మోగింది. ఎన్ని దాటితే మోగాలని పెట్టాలి అక్కా?

సెటిల్‌మెంట్ డెస్క్:
ఎన్ని ఉన్నాయన్నది చూడకు తమ్ముడూ, రద్దీ పెరిగితే అవీ పెరుగుతాయి. ఎంతసేపటి నుంచి ఉన్నాయో చూడు. మొదలై 90 సెకన్లు దాటినా తేలనివి నూటికి ఎన్ని అని లెక్కగట్టి, దాని మీద పెట్టు. వచ్చే 1వ తేదీన ఏమైందో ఇక్కడే రాయి.